తొలగించిన భాగము చెప్పు సంగతి



స్థూలకాయమును తగ్గించుటకు నేడు జరుగుచున్న శస్త్రచికిత్సలలో 'స్లీవ్ గాస్ట్రెక్టమీ' ముఖ్యమైనది. ఇందు జీర్ణాశయములో సుమారు 75 నుండి 80 శాతము కోసి తీసివేయుదురు. మిగిలినది సన్నని గొట్టమువలె నిలుచును. ఆకలిని రేపు 'గ్రెలిన్' అను హార్మోను అధికముగా పుట్టునది తొలగించిన భాగముననే. కావున కడుపు చిన్నదగుటయే గాక, ఆకలియు మందగించును.

మఱి కోసి తీసిన భాగము పాఱవేయదగిన వ్యర్థమా?

దానిని పాథాలజీ శాఖలో ముందుగా కొలిచి, తెఱచి, పుండుగాని గడ్డగాని యున్నదేమో కంటితో చూచి, చేతితో తడవి పరీక్షింతురు. ఫార్మలిన్ ద్రవములో నుంచిన పిమ్మట చిన్న తునకలు తీసి, మైనములో పొదిగి, మిల్లీమీటరులో వేయవ వంతులు నాలుగైదు మాత్రమే మందముగల పొరలుగా కోయుదురు. ఆ పొరలకు రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూతురు.

పెక్కింట విశేషమేమియు నుండదు. లేదా దీర్ఘకాలపు వాపు మాత్రమే కనబడును. కొన్నిట 'హెలికోబాక్టర్ పైలోరీ' అను సూక్ష్మజీవులుండును. మిక్కిలి అరుదుగా, ఏ బాధయు పెట్టక దాగియున్న చిన్న గడ్డ బయటపడును.

ఆ సూక్ష్మజీవి కథ వినదగినది. ఆమ్లమయమైన కడుపులో జీవి బ్రదుకజాలదని వైద్యలోకము నమ్మియున్న దినములలో, 1979లో, ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్ అను పాథాలజిస్టు కడుపు తునకలలో వంకర తిరిగిన జీవులను చూచెను. ఆయన సహచరుడు బారీ మార్షల్ 1984లో వానిని తానే త్రాగి, కడుపువాపు తెచ్చుకొని రుజువు చూపెను. 1994లో ఆ జీవి క్యాన్సరు కారకముల పట్టికలో చేరెను. 2005లో ఆ యిరువురికిని నోబెల్ బహుమానము లభించెను. నిత్యపరీక్షను శ్రద్ధతో చేసిన ఫలమది.

ప్రతి ఖండమును సూక్ష్మదర్శినితో చూచుట వృథావ్యయమనియు, కంటికి అనుమానము తోచినప్పుడు చాలుననియు కొందఱు వైద్యులందురు. ఆ వాదము త్రోసిపుచ్చదగినది కాదు. కాని తొలగించిన భాగములో సూక్ష్మజీవులున్నచో, లోపల మిగిలిన భాగమునను ఉండునని తలంపవలెను. వానిని మందులతో నిర్మూలింపవచ్చును. పోయినదానిని చదువుట ఉన్నదానిని కాపాడుటకే.

చివఱి కాగితము చూడక ఫైలు మూయరాదని ఉద్యోగులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంటికి వచ్చు తొందరలో రోగియు, బంధువులును ఆ నివేదికను అడిగి తీసికొని, దాని యర్థమును వైద్యుని వలన తెలిసికొనుట మఱువరాదు.