‘పిచ్చిది’ అన్నంత మాత్రాన హక్కులు పోవు



మా సలహా కేంద్రం చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. భర్త కొట్టడం మానేశాడని ఒకామె ఫైలు మూసేశాం. నిద్ర పట్టడం లేదనీ, తిండి సయించడం లేదనీ, బతకాలని లేదనీ ఆమె చెబుతూనే ఉంది. “ధైర్యంగా ఉండమ్మా” అని పంపేశాం. కొన్నాళ్ళకు ఆమె ప్రాణం తీసుకోబోయింది. ఇరుగుపొరుగు కాపాడారు. అది డిప్రెషన్ అని డాక్టరు చెప్పాకగానీ మాకు తెలియలేదు. మేము దెబ్బలు లెక్కపెట్టాం, మాట వినలేదు.

రెండు వారాలు దాటినా దిగులు, నిరాసక్తత, నిద్రలేమి వదలకపోతే అది పిరికితనం కాదు, జబ్బు కావచ్చు. దానికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. సర్దుకుపొమ్మనడం కౌన్సెలింగ్ కాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు అంటుంది 115వ సెక్షన్. జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని 3వ సెక్షన్ చెబుతుంది. ‘పిచ్చిది’ అని ముద్రవేసి గెంటేసే భర్తలకు మనం చూపించాల్సింది దీన్నే. వైద్యం విషయంలో తనకు అండగా ఉండే ప్రతినిధిని ఆమే ఎంచుకోవచ్చు. ఆ ప్రతినిధి భర్తే కానక్కరలేదు.

హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. అంతదూరం వెళ్ళలేనివారికి 2022లో మొదలైన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

అయితే ఇంట్లో హింస ఆగకుండా మాత్రలు మాత్రమే మింగిస్తే చాలదు. రెండింటి మీదా పనిచేద్దాం. ఇకనుంచి మన దగ్గరికొచ్చిన ప్రతి స్త్రీనీ, “నిద్ర పడుతోందా?” అని కూడా అడుగుదాం.