పుట్టబోయే బిడ్డ, టాక్సోప్లాస్మా పరీక్ష, మన బాధ్యత

(జంగమకోటె యౌవనుల కూడికలో చేసిన ప్రసంగం)



కడుపు పోయిన ఇంట్లో ముందుగా వినబడేది కోడలి మీద నిందే. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులూ ఎవరి పాపమని అడిగారు. ప్రభువు ఆ లెక్కనే ఒప్పుకోలేదు.

బిడ్డ చూపు దెబ్బతినడానికి, తలలో నీరు చేరడానికి, ఒక్కోసారి గర్భం పోవడానికి టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఒక కారణం. పిల్లి మలం ద్వారా మట్టిలో చేరుతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలతో ఒంట్లోకి వస్తుంది. చాలామంది తల్లులకు ఏ లక్షణమూ కనబడదు. గర్భంతో ఉండగా మొదటిసారి సోకితేనే బిడ్డకు ముఖ్యంగా ప్రమాదం. శిడ్లఘట్ట చుట్టూ మల్బరీ తోటల్లో, కూరగాయల మడుల్లో ఒట్టి చేతులతో కలుపు తీసేది మన ఆడవాళ్లే కదా!

మరి గర్భిణులందరికీ పరీక్ష చేయాలా? ఆస్ట్రియా 1975లో మొదలుపెట్టింది. ఫ్రాన్స్ 1992లో, అంతకుముందు సోకని గర్భిణులకు నెలనెలా పరీక్ష తప్పనిసరి చేసింది. బ్రిటన్ అందరికీ చేయదు. మన ప్రభుత్వం అందరికీ చేసే పరీక్షల్లో రక్తహీనత, హెచ్‌ఐవీ, సిఫిలిస్ ఉన్నాయి, ఇది లేదు. ప్రైవేటులో మాత్రం 'టార్చ్' పరీక్ష రాస్తుంటారు. కూలి డబ్బులు దానికి పోతాయి.

రిపోర్టులో ఐజీజీ పాజిటివ్ ఒక్కటే ఉంటే, సాధారణంగా ఎప్పుడో సోకిపోయిందని అర్థం. ఐజీఎం నెలల తరబడి నిలిచి ఉండవచ్చు. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చేసే పరీక్ష, ఎవిడిటీ పరీక్షతో డాక్టరు తేలుస్తారు. ఒక్క కాగితం చూసి గర్భం తీయించుకోకండి.

ఫలితం విడమరచి చెప్పే డాక్టరు, మలి పరీక్ష, మందులు పేదలకు ఉచితంగా అందితేనే అందరికీ పరీక్ష న్యాయమవుతుంది. అది మనం అడగాలి. స్కానింగులో తేడా కనిపించినవారికి ఈ పరీక్ష అవసరమని డాక్టరు చెబితే ఆలస్యం చేయకండి.

ఈలోగా ఖర్చులేని పనులున్నాయి. మాంసం బాగా ఉడికించండి. కూరలు కడగండి. మట్టి పనికి గ్లౌజులు తొడగండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లి మలం భర్తే రోజూ తీసేయాలి, పిల్లిని తరిమేయనక్కరలేదు. 2016 నుంచి ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలున్నాయి. తమ్ముళ్లారా, తాయి కార్డు పట్టుకుని అక్కకు, వదినకు తోడు వెళ్లండి.