ఫోన్ పట్టిన చేతులకు సురవరం పాఠం



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఇవ్వాళ రాజకీయం మాట్లాడేందుకు మన పిల్లలకు మైకు అక్కర్లేదు. చేతిలో ఫోన్ చాలు. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో తమ మాట తామే చెప్పుకుంటున్నరు. చదువుకునే పిల్లలకు రాజకీయాలెందుకని పెద్దలు గదమాయిస్తున్నరు. ఆ మాట విని ఉంటే 1969 ఉద్యమమే లేదు. మేం పిల్లల పక్షమే. ఒక్కటే షరతు, మాటకు ఆధారం ఉండాలె.

ఈ పాఠం మనకు కొత్తది కాదు. నడిగడ్డ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టిన్రు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే తిట్టుకు తిట్టు బదులియ్యలేదు. ఊరూరి నుంచి వివరాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చేసిన్రు. దానితో ఎదుటోళ్ల నోరు మూతపడ్డది. ఆ సురవరాన్నే 1952లో వనపర్తి ప్రజలు శాసనసభకు పంపిన్రు.

ఆధారం లేని మాట ఏం చేస్తదో కూడా మన నేలే చూసింది. 2018లో పిల్లలను ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నయని వాట్సాప్‌లో వచ్చిన పుకార్లకు గద్వాల, వనపర్తి పల్లెలు వణికినయ్. ఆరుబయట పండుకునే జనం తలుపులేసుకున్నరు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికి పంపి, డప్పులతో, పాటలతో అవి అబద్ధాలని చెప్పించాల్సి వచ్చింది. పక్కోడు పంపిండని మనం పంపితే అది అభిప్రాయం కాదు.

మరి కేసుల భయమా? ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కటువైన రాజకీయ విమర్శ మీద యాంత్రికంగా కేసులు పెట్టొద్దని 2025లో తెలంగాణ హైకోర్టు పోలీసులకు చెప్పింది. విమర్శ మన హక్కు. హింసకు రెచ్చగొట్టుడు ఆ హక్కు కిందికి రాదు.

రాజోలిబండనే చూడండి. బచావత్ ట్రిబ్యునల్ కేటాయింపు 15.9 టీఎంసీలు, మన ఆయకట్టు 87,500 ఎకరాలు. ఎండిన కాలువ ఫొటోకు ఊరి పేరు, తేదీ, ఈ లెక్క కలిపి పెడితే ఏ పార్టీ సర్కారైనా జవాబు చెప్పాలె. నాగర్‌కర్నూల్ పిల్లలు కల్వకుర్తి ఎత్తిపోతల మీద ఇట్లనే అడగొచ్చు. నాయకుని మొఖం మార్చిన ఫొటోకు నవ్వులొస్తయ్, నీళ్లు రావు.

ఉద్యోగ మిత్రులకు సర్వీసు రూల్స్ అడ్డమున్నయ్, నిజమే. కనీసం జీవో చదువుడు, బడ్జెట్ లెక్క చూసుడు పిల్లలకు నేర్పండి.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అడిగే పని ఒడువలేదు. పిల్లలారా, రాయండి, మీ పేరుతోనే రాయండి. పంపే ముందు ఎవరు చెప్పిన్రు, ఎప్పుడు, ఎక్కడ అని ఒక్కసారి అడగండి.

జై తెలంగాణ!