పద్నాలుగు పాయింట్ల లెక్క

(ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో జరిగిన తెలుగువాళ్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నా పరిశోధన గురించి మాట్లాడమన్నారు. నేను వీల్‌చైర్ బాస్కెట్‌బాల్ గురించి మాట్లాడతాను. మన పేటలో ఈ ఆట ఎవరూ ఆడరు. ఆడగలిగినవాళ్లు మాత్రం ఉన్నారు.

మా బావకి చిన్నప్పుడు పోలియో వచ్చింది. మేం క్రికెట్ ఆడుతుంటే గట్టు మీద కూర్చుని స్కోరు రాసేవాడు. ఈ ఊరికి ఆటల విలువ తెలుసు. ధోనీ ఇక్కడ టీటీఈగా పనిచేశాడని ఇప్పటికీ చుట్టాలకి చెప్పుకుంటాం. బాగా ఆడితే రైల్వేలో ఉద్యోగం వస్తుందని మా అత్తకీ తెలుసు. తన కొడుకు కూడా ఆడగలడని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు, నాకే తెలీదు.

కోర్టు అదే, రింగు ఎత్తు అదే పది అడుగులు. బంతి ఒళ్లో పెట్టుకుని చక్రాన్ని రెండుసార్లకి మించి తోయకూడదు. అసలు సంగతి జట్టు కూర్పులో ఉంది. శరీరం ఎంతవరకు సహకరిస్తుందో చూసి ఒక్కొక్కరికి 1 నుంచి 4.5 దాకా పాయింట్లిస్తారు. నడుము మీద అదుపు లేనివాళ్లకి 1. కోర్టులో ఉన్న ఐదుగురి మొత్తం 14 దాటకూడదు. ఐదుగురూ 4.5 వాళ్లయితే 22.5 అవుతుంది, ఆ జట్టు దిగనే దిగలేదు. అంటే తీవ్ర వైకల్యం ఉన్నవాళ్లని బెంచీకి పరిమితం చేసి గెలవడం కుదరదు. ఆ ఒక పాయింటు మనిషి తన కుర్చీ అడ్డం పెట్టి ప్రత్యర్థిని ఆపితేనే పెద్ద షూటర్‌కి దారి దొరుకుతుంది.

రిజర్వేషన్ అనగానే మెరిట్ పోతుందని యూనివర్సిటీల్లో ఎన్నిసార్లు విన్నాం! రాజ్యాంగం 335వ అధికరణంలోని 'సామర్థ్యం' అనే మాటని మన మీదికే విసురుతారు. ఇక్కడ వాటా లేకుండా ఆటే మొదలవదు. దాన్ని ఎవరూ దయ అనరు, రూలు అంటారు. పోలిక పూర్తిగా అతకదు, ఒప్పుకుంటాను. వైకల్యం కొంత ఒంట్లో, కొంత మెట్లలో ఉంటుంది. కులం మన ఒంట్లో ఎక్కడా లేదు.

మన దేశంలో 2014లో ఈ ఆటకి ఫెడరేషన్ పెట్టింది తెలుగావిడే, సత్తుపల్లిలో పుట్టిన మాధవీలత ప్రత్తిపాటి. ఏడు నెలల వయసులో పోలియో సోకింది. చెన్నైలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ ముందు ఈతలో పతకాలు గెలిచారు. పత్రికలు ఆమె పట్టుదల దగ్గరే ఆగిపోతాయి. నేను ఆ జీతం గురించి, నగరంలోని ఈతకొలను గురించి కూడా అడుగుతాను. చక్రాలు వాలుగా, మనిషి కొలతకి చేసిన విదేశీ ఆటకుర్చీ లక్షల్లో ఉంటుంది. క్యాంపుల్లో ఫొటో తీసి ఇచ్చే మూడు చక్రాల బండి మీద ఈ ఆట ఆడలేం. క్రీడల్లో పాల్గొనే అవకాశం కల్పించడం ప్రభుత్వ బాధ్యతని 2016 వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ చెబుతోంది. అడిగేవాళ్లు కావాలి.

మనకి ఇంకో చిక్కుంది. బావ వైకల్యం కార్డు దేశమంతా చెల్లుతుంది. కులం కాగితం ఇచ్ఛాపురం దాటితే ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వ సీటుకి చెల్లదు. తెనాలిలో పుట్టి, బొంబాయిలో మెడికల్ సీటు అడిగిన ఎస్టీ విద్యార్థి మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు తేల్చింది అదే.

పోయిన నెల బావకి ఫోన్‌లో ఒక మ్యాచ్ చూపించాను. కుర్చీలు గుద్దుకుని ఒకతను పడ్డాడు, తనంతట తనే లేచాడు. బావ వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. "వీడు ఎన్ని పాయింట్లోడు?" అన్నాడు. తర్వాత మొత్తం జట్టు లెక్క వేశాడు.

దేశంలో చివరి పోలియో కేసు 2011లో మన హౌరాలోనే నమోదైంది. పోలియో పోయింది, కానీ ప్రమాదాల్లో కాళ్లు పోగొట్టుకున్న కుర్రాళ్లున్నారు. మీ వీధుల్లో ఉంటే సభ అయ్యాక పేర్లు చెప్పండి. నోటుబుక్కు బావ దగ్గరుంది.