దొరగారు తెచ్చినది, పల్లె అడిగినది
(సంఘ సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



క్రైస్తవ మిషనరీలను గూర్చి మనలో సాధారణముగా రెండే మాటలు వినబడుచుండును. వారు వచ్చి దీనజనులను ఉద్ధరించిరని ఒకటి. గింజలు చూపి మతము మార్చిరని రెండవది. ఈ రెండు మాటలలోను పల్లెవాసికి నోరు లేదు. ఒక దానిలో అతడు చేయి చాచినవాడు, రెండవ దానిలో మోసపోయినవాడు. అతడు ఏమి కోరి వచ్చెనో అడిగినవారు తక్కువ. ఒంగోలు సీమ కథను ఆ వైపునుండి నేడు కొంత చెప్పదలచితిని.

అమెరికా బాప్టిస్టులు 1840లో నెల్లూరున స్థిరపడిరి. పాతికేండ్లు గడచినను వారి సంఘములో చేరినవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. ఈ మిషనును ఎత్తివేయవలెనని వారి దేశములో పలుమారు చర్చ జరిగెను. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు చేరెను. ఈయన పూర్వము భూముల సర్వే పని చేసినవాడు. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘము ఎనిమిది మందితో ఏర్పడెను.

మొదట దొరగారిని ఆదరించినది ఊరి పెద్దకులములవారే. వారికి కావలసినది చదువు. బడి పెట్టుమని అడిగిరి, పెట్టెను. ఇంతలో మాదిగపల్లెలనుండి జనులు వచ్చి సంఘములో చేరసాగిరి. వీరిని చేర్చుకొన్నచో మా పిల్లలను పంపమని పెద్దలు స్పష్టముగా చెప్పిరి, చెప్పినట్లే మాన్పించిరి. దొరగారికి పెద్దకులములు ముందు వచ్చిన తక్కినవారు వెంట వత్తురను ఆశ ఉండెను. ఆ ఆశ ఆనాటితో చెడెను. ఇరువురును ఒకరి నొకరు వంచింపలేదు. ఎవరికి కావలసినది వారు ఎదుటివానిలో చూచుకొనిరి, అంతియే.

మాదిగలలో ముందు నడచినవాడు యెర్రగుంట్ల పేరయ్య, తాళ్ళకొండపాడు వాసి. తోళ్ళ వ్యాపారముమీద దూరదేశములు తిరిగినవాడు. అంతకు పూర్వమే గురువుల నాశ్రయించి యోగమార్గమును అభ్యసించినవాడు. వట్టి చేతులతో, వట్టి మనస్సుతో మిషనరీ వాకిట నిలిచినవాడు కాడని దీనివలన తెలియుచున్నది. అతనికి క్రొత్త బోధ ఒక వెదకులాటకు ముగింపు. గురువును శిష్యులు పోషింపవలెనను మర్యాద కూడ అతడు ఎరిగినదే.

ఇక అసలు చిక్కునకు వత్తును. సంఘములో చేరువారికి క్లౌ దొర మూడు నియమములు పెట్టెను. ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. అమెరికాలో కూర్చుండి చూచిన ఇవి భక్తికి గుర్తులుగా కనబడును. పల్లెలో నిలిచి చూడుడు. మాదిగ ఊరికి చెప్పులు కుట్టవలెను, మోట బొక్కెనలకు తోలు సిద్ధము చేయవలెను, పిలిచినప్పుడు వెట్టికి పోవలెను, జాతరలో డప్పు కొట్టవలెను. అందుకు ప్రతిగా కళ్ళములో అతనికి మేర గింజలు, చచ్చిన గొడ్డుమీద హక్కు. తోలు తీసికొన్నవాడు మాంసము వదలిన కరవునాడు కుటుంబము తినునదేమి? కోతలనాటి ఆదివారము పనికి రాననిన మేర ఎవరు కొలుతురు? డప్పు మూగవోయిన జాతర చెడినదని ఊరివారికి కోపము. మూడు నియమములలో ప్రతి ఒక్కటియు పల్లెను ఊరికి కట్టియుంచిన త్రాళ్ళలో నొకదానిని తెంపెను. తెంపినవాడు ఒంగోలు బంగళాలో నుండెను. ఆ దెబ్బ తగిలినది పల్లెకు. బావులకు రాకుండ అడ్డగించుటలు, దొంగతనపు నేరములు మోపుటలు జరిగెను.

కనుక పల్లెవారు దొరగారి యొద్దకు వచ్చి ఏమి అడిగిరి? కరణముతో మాటాడుమనిరి, కలెక్టరునకు వ్రాయుమనిరి. ప్రార్థనకు వచ్చినవాడు వ్యాజ్యము తెచ్చెనని మిషనరీలలో కొందరు విసుగుకొనిరి. నా మట్టుకు ఆ విసుగు న్యాయమని తోచదు. దొరగారి మాటను నమ్మి బ్రతుకుతెరువును పణముగా పెట్టినవాడు ఆ దొరగారినే అండగా నిలువుమనుట దురాశ యెట్లగును? క్లౌ దొర ఈ సంగతిని క్రమముగా గ్రహించెను. ఎన్నో తగవులలో తల దూర్చెను కూడ.

మరియొక తేడా కలదు. మిషనరీ మనిషిని ఒక్కనిగా నిలువబెట్టి, నీ విశ్వాసమేమి యని అడుగును. పల్లె అట్లు ఆలోచింపదు. పెద్దలు కూర్చుండి, చుట్టములను కలుపుకొని, పిల్లను ఎవరికి ఇత్తుము, పీనుగను ఎవరు మోయుదురు అని విచారించి, కదలిన అందరును కదలుదురు. దీనిని మందబుద్ధి యనువారు పల్లెలో ఒంటరివాని గతి ఎట్టిదో చూడనివారు.

ఇంతలో 1876 నుండి 1878 వరకు ధాతు, ఈశ్వర, బహుధాన్య సంవత్సరములలో ఘోరమైన కరవు వచ్చెను. ప్రభుత్వము బకింగుహాము కాలువ పని సాగించెను. చెన్నపట్టణపు తెలుగువారికి ఆ కాలువను నేను పరిచయము చేయనక్కరలేదు. అందులో మూడున్నర మైళ్ళ భాగమును క్లౌ దొర కంట్రాక్టు తీసికొని, తన బోధకులను పనిమీద పెట్టి, వేలమందికి కూలి ఇప్పించెను. బోధింప పంపినవాడు మన్ను త్రవ్వించుట యేమని ముక్కున వ్రేలు వేసికొన్నవారు లేకపోలేదు. నాకు మాత్రము ఆయన జీవితములో పల్లె అడిగినదియు ఆయన చేసినదియు సరిగా కలిసిన కాలము అదియే యని తోచును. పార కూడ ఒక భాష. అది ఉభయులకును తెలిసెను.

కాని ఆ కాలమంతయు, ఒక సంవత్సరమునకు పైగా, ఆయన ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. కూటికొరకు వచ్చినవారను నిందకు వెరచెను. పల్లెవారికి ఈ జాగు అర్థము కాలేదు. కూడు పెట్టినవానియందు దైవమును చూచుట వారికి సహజము; కూడు వేరు, దైవము వేరని గీత గీయుట దొరగారి దేశపు అలవాటు. కరవు తగ్గిన పిమ్మట, సహాయము లేదు, రావలదని ఆయన చెప్పి పంపినను జనులు గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికి వచ్చి చేరిరి. కాయలు కాచిన చేతులు చూపి, మేము అడుగవచ్చినది సొమ్ము కాదనిరి. 1878 జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి, మూడు దినములలో 3,536 మందికి ఆ యేటిలో బాప్తిస్మ మిచ్చిరి. రెండవ దినపు అంకె లోకమంతట ప్రాకెను. పిమ్మట ఆ వేలమందికి బడి, బోధకుడు, తగవులలో తోడు ఎక్కడనుండి వచ్చుననునది ఆ అంకెలో లేదు. అంత జనమునకు చాలినంత ఏర్పాటు మిషనువారియొద్దను లేకుండెను.

బోధకుల పోషణ సంగతి ఒక్క మాటలో చెప్పెదను. గురువును పల్లెయే పోషించు పాత మర్యాద ఉండగా అమెరికా సొమ్ముతో జీతములు వచ్చెను. తరువాత మీ బోధకుని మీరే పోషించుకొనుడని బోధించిరి. ఉన్న అలవాటును మాన్పించి, మరల దానినే నేర్పుట!

చివరగా, పరాయి సీమలలో తరతరములుగా ఉన్న మన కుటుంబములకు దగ్గరి ముచ్చట యొకటి. నేటాలునకు కూలి ఒప్పందముపై పోయిన తెలుగువారిలో ఈ సంఘములవారును ఉండిరి. అక్కడ బోధకులు లేకపోలేదు, తెలుగు పలుకువారు లేరు. తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సొసైటీ జాన్ రంగయ్య గారిని 1903లో అచటికి పంపెను. ఆయన కియర్స్‌నీ తేయాకు తోటలలో పని ఆరంభించెను. పంపినవారు తెలుగువారు, వెళ్ళినవాడు తెలుగువాడు, ఎదురుచూచినవారు తెలుగువారు. ఆ తోటలలో మాట నేరుగా నడచెను.