ఆచారము – దాని భారము

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



పల్నాటి బ్రాహ్మణుల యీ మహాసభయందు మమ్ము మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. జీవితమంతయు బడిలో శబ్దమంజరి వల్లెవేయించిన మాకు సభారంజకముగ బలుకు నేర్పు లేదు. పిల్లలకు పాఠము చెప్పినట్లే మీకును మనవి చేయుదుము. లోపములున్న మన్నింతురుగాక.

కొంతకాలము క్రిందట నొక చిరంజీవి మా యింటికి వచ్చెను. అతడు నరసరావుపేటనుండి గుంటూరునకు ప్రతిదినము ఉద్యోగమునకు బోయివచ్చువాడు. ఉపనయనము శ్రద్ధతో చేసికొన్నవాడు. “మాస్టారూ! శాస్త్రప్రకారము జీవింపవలెనని నాకు నిజముగా నున్నది. కాని యుదయము ఆరుగంటలకు బస్సెక్కవలెను. రాత్రి తొమ్మిదింటికి గాని యిల్లు చేరను. ఏది విడువవచ్చును? ఏది విడువరాదు? ఎవ్వరు నాకు చెప్పుట లేదు. పెద్దలు ‘అన్నియు చేయవలె’ నందురు. స్నేహితులు ‘అన్నియు విడువు’ మందురు” అని యడిగెను. నాడు మేమిచ్చిన సమాధానము మాకే తృప్తికరముగా లేకపోయెను. నేటి మా మాటలు ఆతని ప్రశ్నకు మరల చెప్పుకొను సమాధానమే.

ఆ ప్రశ్న యాతనియొక్కనిది కాదు. మడినీరు తడిబట్టతో బావినుండి తోడికొన్న యిండ్లలో నిపుడు కుళాయి యున్నది. రాత్రి వండిన కూర ఫ్రిజ్జులో నున్నది. పదిదినముల యాశౌచమునకు మూడుదినముల సెలవు దొరకుట కష్టముగ నున్నది. తండ్రి మాచర్లలో కన్నుమూసిన కుమారుడు అమెరికాలో విమానపు టిక్కెట్టు కొఱకు వెదకుచున్నాడు. వీనిలో ధర్మమేది, అధర్మమేది?

మొదట మన శాస్త్రములు తమ్ముగూర్చి తామేమి చెప్పికొన్నవో చూతము. మనలో ఆపస్తంబసూత్రులే యధికులు. ఆ మహర్షి ధర్మసూత్రముల నారంభించుచు, ధర్మమునకు ప్రమాణము ధర్మజ్ఞులైనవారి సమ్మతియనియు, వేదములనియు చెప్పెను. నడుమ నొకచోట ధర్మాధర్మములు ‘ఇదిగో మేమిచట నున్నాము’ అని తమంత దాము చాటుకొనుచు తిరుగవని హెచ్చరించెను. గ్రంథాంతమున, చెప్పక మిగిలిన ధర్మములను స్త్రీలవలనను సర్వవర్ణములవారివలనను తెలిసికొనవలెనని కొందఱి మతముగా నుదాహరించి ముగించెను. తన గ్రంథముతో ధర్మము ముగిసినదని యాయన యనలేదు. ఈ వినయము మనకెందుకు లేకపోయెనో విచారింపదగినది.

బౌధాయనుడు మఱియొక చిత్రమైన సంగతి చెప్పెను. దక్షిణదేశమున నైదాచారములు, ఉత్తరదేశమున నైదాచారములు వివాదాస్పదములుగ నున్నవట. దక్షిణమునవి: ఉపనయనము లేనివానితో భుజించుట, భార్యతో గలిసి భుజించుట, చద్దియన్నము తినుట, మేనమామ కూతును, మేనత్తకూతును పెండ్లాడుట. ఉత్తరమువారి వానిలో సముద్రయాన మొకటి. అనగా మనము ముచ్చటగా చేసికొనుచు వచ్చిన మేనరికమును, వేసవిలో కడుపు చల్లబఱచిన చద్దియన్నమును రెండువేలయేండ్లకు పూర్వమే యొక దేశమువారు తప్పుపట్టియుండిరి. మనవారు వారి సముద్రయానమును తప్పుపట్టిరి. నేడు మనపిల్లలు సముద్రమును దాటినారు, మేనరికములు తగ్గినవి. ఇరువురి ధర్మమును నిలిచియే యున్నది.

కలియుగమునకు ప్రత్యేకించి చెప్పబడినదని ప్రసిద్ధికెక్కినది పరాశరస్మృతి. కృతయుగమునకు మనువు, త్రేతకు గౌతముడు, ద్వాపరమునకు శంఖలిఖితులు, కలికి పరాశరుడు అని యా గ్రంథమే విభజించినది. యుగమునుబట్టి ధర్మము మాఱునని యొప్పుకొనకున్నచో నిట్టి విభాగమే యక్కఱలేదు. దీనికి పదునాలుగవ శతాబ్దమున విజయనగర సామ్రాజ్యమందు మాధవాచార్యులు విపులమైన వ్యాఖ్య రచించిరి. ఈ స్మృతి బ్రాహ్మణునకు కృషి చేయు ననుమతి నిచ్చినది. అయితే యొక నిబంధన పెట్టినది. ఆకలిగొన్న యెద్దును, దప్పిగొన్న యెద్దును, అలసిన యెద్దును కాడికి గట్టరాదు. నాగలికి ఎనిమిదెడ్లుండుట ధర్మము. ఎడ్ల సంఖ్య తగ్గినకొలది పాపము పెరుగును. ఇపుడు మన పొలములలో ట్రాక్టరులు దున్నుచున్నవి. ఎద్దును గూర్చిన యక్షరము చెల్లిపోయినది. కాని మిరపచేలలో మండుటెండలో కాయ కోయు కూలివారికి నీడయు, నీరును, పూర్తి కూలియు నిచ్చుచున్నామా యను ప్రశ్న చెల్లిపోలేదు. పరాశరుని మాటయొక్క ప్రాణ మచట నున్నది.

ఆ స్మృతియే మఱియొకచోట దేశవిప్లవమునందును, ప్రవాసమునందును, రోగమునందును, కష్టములందును మొదట తన దేహాదులను రక్షించుకొని, పిదప ధర్మము నాచరింపుమని చెప్పినది. మధుమేహముతో నుండి యేకాదశినాడు నిర్జలోపవాసముండి ఆసుపత్రిపాలగు పెద్దలు దీనిని గమనింపగోరెదము. సంధ్యావందనమునకు ముఖ్యకాలము దాటినచో ప్రాయశ్చిత్తార్ఘ్య మొకటి యధికముగ విడిచి చేసికొనుమని మనవారు మార్గము చూపిరి. కాలము తప్పునని వారికి ముందే తెలియును. తప్పినవానికి తలుపు మూయలేదు. శ్రీరామచంద్రుడు చిత్రకూటమున తండ్రి మరణవార్త విని, అన్నము లేని యా యడవిలో గారపిండిని రేగుపండ్లతో గలిపి పిండము పెట్టెను. తాను తినునదే తన పితృదేవతలును తిందురని యాయన భావము. శ్రీనాథునివని ప్రసిద్ధములైన చాటువులలో జొన్నకూటిసీమగా నిందపడిన మన పల్నాటికి ఈ ఘట్టము మిక్కిలి చుట్టము. విదేశమందలి యొంటిగదిలో బియ్యమును నువ్వులును సమకూర్చుకొని తండ్రిని దలచుకొను కుమారుడు చిత్రకూటమందలి రామునికి దూరుడు కాడు.

కావున నాచిరంజీవికి మా సమాధానము: నాయనా! గంట ముందు లేచి సంధ్య వార్చుకొనుము. లేవలేకపోయిన దినమున సాయంకాలము ప్రాయశ్చిత్తార్ఘ్యముతో చేసికొనుము. అదియు సాగనిచో మనస్సులో గాయత్రిని స్మరింపుము. పూర్తిగా చేయలేను గనుక పూర్తిగా విడిచెదనని మాత్ర మనవలదు.

ఇంతవఱకు సులభమే. కష్టమైన సంగతి ముందున్నది.

మనము మాఱలేదని చెప్పుకొనుట యసత్యము. కన్యకు ఎనిమిదవయేటనే గౌరియని పేరిడి, రజస్వల కాకమునుపే వివాహము చేయవలెనన్నది యా పరాశరస్మృతియే. 1930 ఏప్రిల్ 1వ తేదీన శారదాచట్టము అమలులోనికి వచ్చి, కన్యకు పదునాలుగేండ్లు కనీసవయస్సుగ నిర్ణయించినపుడు ధర్మము మునిగిపోవుచున్నదని దేశమంతట పెద్దలు గోలపెట్టిరి. చట్టము రాకముందే ముగింపవలెనని తొందరతొందరగా ముహూర్తములు పెట్టించినవారును గలరు. 1978లో ఆ వయస్సు పదునెనిమిదేండ్లాయెను. నేడీ సభలో నెనిమిదేండ్ల మనుమరాలికి పెండ్లి చేయువా రొక్కరును లేరు. అందువలన పతితులమైతిమని కుమిలిపోవువారును లేరు. 1967లో నాగార్జునసాగరపు నీరు కుడికాలువలో బారి మన చేలను దడిపినపుడు, ఏ చేతులు త్రవ్విన కాలువయని యెవ్వరు నడుగలేదు. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభలు నేడు విద్యుద్దీపములతో వెలుగుచున్నవి, త్రికోటేశ్వరుడు వలదనలేదు.

అయితే మన మేవి విడిచితిమి, ఏవి నిలుపుకొంటిమి? ఈ లెక్క మేము మా యింటనే చూచుకొంటిమి. తెల్లవాఱుజామున లేచుట కష్టము; విడిచితిమి. వేదాధ్యయనము కష్టము, విడిచితిమి. అపరిగ్రహము మిక్కిలి కష్టము, దానిని తలపెట్టనేలేదు. వరకట్నమును 1961లోనే చట్టము నిషేధించినను, పుచ్చుకొనుట కష్టము కాదు గనుక విడువలేదు. నిలుపుకొన్నవి యేవి? వంటయింటి మడి, బహిష్టునాటి దూరము, పూర్వసువాసినుల నిషేధము. ఇవన్నియు నింకొకరు మోయునవి. మన భుజము నొచ్చు నియమములను కాలధర్మమని దింపుకొంటిమి. పరుల భుజముపైనున్న వానిని సనాతనధర్మమని కాపాడితిమి. ఇది శాస్త్రముపై భక్తి కాదు.

మా తప్పును చెప్పక యితరుల కుపదేశించు నధికారము మాకు లేదు. మా అక్కగారు ఇరువదినాలుగవయేట భర్తను గోల్పోయి పుట్టినింటికి వచ్చిరి. మా తల్లి మంచము పట్టినపుడు సేవ చేసినదియు, మా కుమార్తెను చంకనెత్తుకొని పెంచినదియు నామెయే. మా కుమార్తె వివాహమునాడు గౌరీపూజకు నైవేద్యము ఆమె తెల్లవాఱుజాముననే మడిగట్టుకొని వండినదే. ముహూర్తసమయమున జీలకఱ్ఱ బెల్లము పెట్టించుచుండగా నక్షతలపళ్ళెము పందిరి యంతట తిరిగెను. వంటయింటి తలుపు దగ్గఱకు మాత్రము పోలేదు. ఆమె తలుపుసందునుండి చూచుచుండెను. ఆమె రాలేదు, మేము పిలువలేదు. ఆమె చేతి వంట గౌరీదేవికి పనికివచ్చెను. ఆ చేయి తాను పెంచిన బిడ్డపై నాలుగక్షతలు వేయుటకు పనికిరాలేదు. సంస్కృతము చదివిన మేము పీటలమీద కూర్చుండి యీ సంగతిని గమనింపనైనను గమనింపలేదు.

ఆరేండ్లకు అక్కగారు కాలధర్మము నొందిరి. పదునొకండవనాడు మా కుమార్తె యడిగినది: “నాన్నగారూ! అత్తయ్య నా పెండ్లిలో బయటికి రాకూడదని ఏ సూత్రములో నున్నది? మీరు చదివిన పుస్తకములో చూపుడు.” ఆ రాత్రి మేము గృహ్యసూత్రములను మరల తెఱచితిమి. పుణ్యస్త్రీలకు ప్రత్యేకకృత్యములు చెప్పిన సూత్రకారులు గలరు. పురాణములలో విధవలయెడల కఠినవాక్యములును గలవు. దాచము. కాని ఆపస్తంబుడు వివాహప్రకరణమున మంత్రములు గాక మిగిలిన యాచారములను స్త్రీలవలన తెలిసికొనుమని చెప్పినాడు. పెండ్లిపద్ధతిని ఎవరిని అడిగి తెలిసికొనవలెనో, ఇంటి స్త్రీలలో పెద్దయైన ఆమెను మేము తలుపు వెనుక నిలిపితిమి. మేనత్త తలుపు వెనుక నుండవలెనను సూత్రము మాకు కనబడలేదు. మా కుమార్తెకు “లేదమ్మా” యని చెప్పితిమి. ఆమె మఱేమియు ననలేదు. వినవలసినవారు వినుటకు లేకపోయిరి.

మన సీమకు ఇట్టి విచారణ క్రొత్తది కాదు. పండ్రెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు మాచర్ల చెన్నకేశవుని పేర చాపకూడు పెట్టి యన్నికులములవారిని ఒక్క చాపపై గూర్చుండబెట్టెను. కారెంపూడి వీరుల తిరునాళ్ళలో నేటికిని చాపకూడు జరుగుచున్నది. ఆ కాలమున నది యాచారవిరుద్ధము. నేడదియే మన పల్నాటి యాచారము. ఎనిమిదివందలయేండ్లు ప్రజలు గుర్తుంచుకొన్నది ఆ చాపమీద చోటు దొరకిన సంగతినే.

ఇక సభవారికి రెండు మనవులు. మన సంఘము జరిపించు సామూహికోపనయనములందును, వివాహములందును, అక్షతలపళ్ళెము పందిరిలోని ప్రతి స్త్రీ చేతికిని చేరవలెనని యీ సభ తీర్మానింపవలెను. పోషకులు తమ యిండ్ల శుభకార్యములలో మొదట నాచరించి చూపినచో తక్కినవారు వెనుదీయరు. రెండవది: ప్రతివారును తమ దేహమునకో, తమ ధనమునకో కొంచెము కష్టము గలిగించు నియమము నొక్కటి యెన్నుకొని విడువక పాటింపవలెను. సంధ్యయో, సత్యమో, కట్నము ముట్టకుండుటయో, ఏదైనను సరియే. ఇతరులకు కష్టము గలిగించు నియమము నొక్కటి వెదకి దింపివేయవలెను.

మా మనుమరాలి వివాహము దగ్గఱలో నున్నది. మా వదినెగారు, ఆమెయు పూర్వసువాసినియే, పందిరిలో ముందువరుసను కూర్చుందురు. పళ్ళెము మొదట నామె చేతికే మేము మా చేతులతో నందింతుము. కొందఱు గొణుగవచ్చును; వినుటకు సిద్ధముగ నున్నాము. మా అక్కగారికి చేయవలసినది చేయలేకపోతిమి. ఆ ఋణమును వేఱొకచోట తీర్చుకొనుట తప్ప మాకిపుడు గతి లేదు.

 సర్వే జనాః సుఖినో భవన్తు.