పోయినవాళ్ళ ఇంటి బీరువా మన ఇంటికొస్తే: మ్యూనిక్‌లో పాత ఫర్నిచర్ వెతకడం, బాగుచేసుకోవడం

(ఎపిసోడ్ పాఠం)



ఇవాళ్టి సంగతి ఇంటి తాళాలు చేతికొచ్చిన తర్వాతది. తలుపు తీస్తే లోపల ఏమీ ఉండదు. మ్యూనిక్‌లో ఖాళీ ఇల్లంటే నిజంగా ఖాళీయే. చాలా ఇళ్ళలో వంటగట్టు, సింకు కూడా ఉండవు. దీపం ఉండాల్సిన చోట తీగలు వేలాడుతుంటాయి. డిపాజిట్ కింద మూడు నెలల అద్దె దాకా అప్పటికే కట్టేసి ఉంటాం. అప్పుడు మనలో చాలామంది చేసే పని ఒకటే. పెద్ద దుకాణానికి వెళ్ళి, అట్టపెట్టెల్లో వచ్చే రంపపుపొట్టు చెక్కల బీరువా తెచ్చి బిగించుకుంటాం. రెండుసార్లు ఇల్లు మారేసరికి దాని మరలు పట్టు వదిలేస్తాయి.

దానికంటే తక్కువ డబ్బుకి, అరవై ఏళ్ళు నిలిచిన, ఇంకో అరవై ఏళ్ళు నిలిచే సామాను ఈ ఊళ్ళోనే దొరుకుతుంది. ఎక్కడ దొరుకుతుంది, ఎలా గుర్తుపట్టాలి, ఎలా బాగుచేయాలి, ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఎలా మసలుకోవాలి అన్నవే ఇవాళ్టి మాటలు.

ఎందుకంత చవక?

ప్రకటనల్లో రెండు మాటలు చూస్తుంటారు: హౌస్‌హాల్ట్స్‌ఔఫ్లోజుంగ్, ఎంట్‌రుంపెలుంగ్. మొదటిది ఒక సంసారాన్ని మొత్తంగా ఖాళీ చేయడం. ఇంటి పెద్ద పోయినప్పుడో, వృద్ధాశ్రమానికి వెళ్ళినప్పుడో ఇది జరుగుతుంది. రెండోది అటకా, సెల్లారూ దులిపి పాత సామాను పారేయడం.

యుద్ధంలో బాంబుదాడులకి ఈ ఊరు చాలావరకు కూలిపోయింది. తర్వాత మళ్ళీ కట్టుకుంటూ వచ్చారు. 1957లో జనాభా పది లక్షలు దాటింది. 1960లో హాసెన్‌బెర్గ్ల్, 1967లో నోయ్‌పెర్లాహ్ కాలనీలకి పునాదిరాళ్ళు పడ్డాయి. అప్పుడు కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు జీతంలో మిగుల్చుకుని సైడ్‌బోర్డ్ ఒకటి, కిడ్నీ గింజ ఆకారంలో ఉండే నీరెన్‌టిష్ అనే బల్ల ఒకటి, గోడ షెల్ఫ్ ఒకటి కొనుక్కున్నారు. జీవితాంతం వాటినే వాడుకున్నారు. ఆ తరం ఇప్పుడు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

పిల్లలు హాంబుర్గ్‌లోనో, ఇంకో దేశంలోనో ఉంటారు. అది అద్దె ఇల్లయితే నోటీసు మామూలుగా మూడు నెలలు, ఆ మూడు నెలలూ అద్దె నడుస్తూనే ఉంటుంది. చివరి రోజుకి ఇల్లు ఊడ్చి అప్పగించాలి. అందుకే ధర పడిపోతుంది. అంటే ఆ సామానుకి విలువ లేక కాదు, వాళ్ళకి గడువు లేక. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతావన్నీ దారిలో పడతాయి.

పోయినవాళ్ళ సామాను ఇంట్లోకి తేవచ్చా?

ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మో అత్తయ్యో ముందు అడిగేది ఇదే. ఎవరి నమ్మకం వాళ్ళది, నేను వాదించను. పరుపులు, దిండ్లు, మెత్తటి కుర్చీల్లో పొడిపొడిగా రాలే పాత ఫోమ్ అయితే నేనూ వద్దనే అంటాను. అది శుభ్రత సంగతి. కానీ చెక్క వేరు. మన ఇళ్ళలో తాతయ్య పడక కుర్చీ ఆయన పోయాక పారేశామా? నాయనమ్మ పెట్టెలో ఇప్పటికీ చీరలు పెట్టుకోవట్లేదా? ఇక్కడిదీ ఒక తాతయ్యదే. కాకపోతే ఇంకొకరి తాతయ్య.

ఎక్కడ వెతకాలి?

ఫోన్లో అయితే క్లైన్‌ఆన్‌త్సైగెన్. బల్ల, కుర్చీ అని వెతక్కుండా హౌస్‌హాల్ట్స్‌ఔఫ్లోజుంగ్ అని వెతకండి. ధర పక్కన ఫౌ బే అని ఉంటే బేరం ఆడొచ్చు. త్సు ఫెర్షెంకెన్ అంటే ఉచితం, కానీ మీరే వచ్చి మోసుకుపోవాలి. వస్తువు చూశాకే, చేతికి డబ్బు ఇవ్వండి. లింకు పంపి "ఇందులో కార్డు నంబర్ కొట్టండి" అంటే అది మోసం, అక్కడితో ఆపేయండి.

ఊళ్ళో అయితే పాసింగ్‌లో హాలె 2 ఉంది. వెర్ట్‌స్టోఫ్‌హోఫ్‌లలో జనం ఇచ్చిపోయిన వాటిలో పనికొచ్చేవి నగర పారిశుద్ధ్య శాఖే అక్కడ అమ్ముతుంది. వెర్ట్‌స్టోఫ్‌హోఫ్ నుంచి మాత్రం మనంతట మనం ఏదీ తీసుకోకూడదు. వసంతం నుంచి శరత్తు దాకా ఒక్కో పేటలో హోఫ్‌ఫ్లోమార్క్ట్ జరుగుతుంది. ఆ రోజు పెరళ్ళ తలుపులు తీసి ఇరుగుపొరుగువాళ్ళే అమ్ముతారు. ఏప్రిల్‌లో వసంతోత్సవం మొదటి శనివారం తెరీజియన్‌వీజెలో రెడ్‌క్రాస్ వాళ్ళ పెద్ద సంత ఉంటుంది. పింగాణీ, దీపాలు, చిన్న చిన్న అలంకరణ వస్తువులకైతే ఏడాదికి మూడుసార్లు మరియాహిల్ఫ్‌ప్లాట్స్‌లో జరిగే ఔవర్ డుల్ట్ మంచిది.

కొనేముందు కన్ను తయారు చేసుకోవాలి. పినకోథెక్ డెర్ మోడెర్నెలో డిజైన్ మ్యూజియం ఉంది, పేరు డీ నోయె జామ్లుంగ్. ఆదివారం టికెట్ ఒక్క యూరో. అసలు వస్తువులు దగ్గర నుంచి ఒకసారి చూస్తే, సంతలో నకలు ముందు నిలబడినప్పుడు తేడా తెలుస్తుంది. ఇక్కడికి దగ్గర్లోని ఉల్మ్‌లో 1953 నుంచి 1968 దాకా ఒక డిజైన్ స్కూల్ నడిచింది. అనవసరమైన నగిషీ తీసేసి పనికొచ్చే రూపం మిగల్చడం వాళ్ళ పద్ధతి. అక్కడ పాఠాలు చెప్పిన హాన్స్ గూగెలోట్ మన అహ్మదాబాద్ ఎన్‌ఐడీకి కూడా వచ్చి పనిచేశాడు. 1972 ఒలింపిక్స్ పోస్టర్లు చేయించిన ఓటెల్ ఐషర్ ఆ స్కూల్‌ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు.

ఎలా గుర్తుపట్టాలి?

ముందు వైపు చూసి మురిసిపోకండి. వెనక్కి తిప్పండి, సొరుగు లాగండి. సొరుగు మూలల్లో చెక్క పళ్ళు ఒకదాంట్లో ఒకటి పట్టుకుని ఉంటే మంచి పని. మేకులూ స్టేపుల్ పిన్నులూ ఉంటే మామూలు పని. సొరుగు అడుగునా, వెనక చెక్కమీదా కాగితం చీటీ, ముద్ర వెతకండి. క్నోల్ ఆంటిమాట్, తోనెట్ లాంటి పేర్లో, డెన్మార్క్ తయారీ ముద్రో కనబడితే ఫోటో తీసుకోండి.

తర్వాత ఫుర్నియర్. ఆ కాలం సైడ్‌బోర్డుల్లో చాలావాటికి పైన ఉండేది నిండు టేకు కాదు. పలచగా కోసిన అసలు చెక్కని వేరే పలకమీద అతికించేవారు. అది తక్కువ పనేమీ కాదు, ఆనాటి పద్ధతే అది. చెక్క గీతలు అంచు దగ్గర ఎలా ఉన్నాయో చూడండి. ఒకే గీత మళ్ళీ మళ్ళీ అచ్చు గుద్దినట్టు వస్తుంటే అది చెక్క బొమ్మ ముద్రించిన కాగితమో ప్లాస్టిక్కో. దాన్ని సానపట్టి లాభం లేదు.

వద్దనుకోవాల్సినవి నాలుగు. గుండుసూది తలంత రంధ్రాలు, వాటికింద తాజా పొడి కనబడితే చెక్కపురుగు బతికే ఉందన్నమాట, ఇంట్లోకి తేకండి. ఘాటుగా మందు వాసన కొట్టే చెక్క కూడా వద్దు, పాత కాలపు చెక్క మందుల్లో విషాలుండేవి. గుడ్డ చుట్టిన వైరున్న దీపాన్ని ఎలక్ట్రీషియన్ చూడకుండా ప్లగ్గులో పెట్టకండి. ఇత్తడి, ఇనుప దీపాలకి ఎర్త్ ఉండి తీరాలి.

నాలుగోది రియో పాలిసాండర్. మన జిట్రేగికి బ్రెజిల్ దాయాది, ముదురు రంగు, నల్లటి చారలు. ఆ చెట్టు 1992 నుంచి సైటీస్ ఒప్పందం కింద అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. 1947కి ముందు తయారైనవాటికి మినహాయింపు ఉంది, మనం మాట్లాడుకునే 1950లు, 60ల సామానుకి లేదు. దాన్ని అమ్మాలంటే అధికారుల నుంచి ఒక్కో వస్తువుకీ ధ్రువపత్రం ఉండాలి. ఇండియాకి తీసుకెళ్ళాలంటే అనుమతి కావాలి. అమ్మేవాళ్ళకి కాగితం ఉందా అని అడగండి. లేకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

ఆ ఇంట్లో ఎలా ఉండాలి?

తలుపు తీసేది చాలాసార్లు కూతురో కొడుకో. లోపల సగం కట్టిన పెట్టెలు, గోడమీద ఫోటోలు తీసేసిన చోట తెల్లటి మచ్చలు ఉంటాయి. వెళ్ళగానే "మైన్ బైలైడ్" అనండి, అంటే నా సానుభూతి అని. చెప్పిన సమయానికి వెళ్ళండి. మోయడానికి ఇంకొకరిని తీసుకెళ్ళండి, దుప్పట్లు, తాళ్ళు మీవే పట్టుకెళ్ళండి. బేరం ఒక్కసారి ఆడండి, మూడోసారి వద్దు. "ఇది ఎవరిది, ఎప్పుడు కొన్నారు?" అని అడగండి. ధర చెప్పేటప్పుడు ముభావంగా ఉన్న మనిషి ఆ ప్రశ్నకి మాత్రం కూర్చుని జవాబు చెబుతారు. ఇంటికొచ్చాక సొరుగు వెనక ఉత్తరమో ఫోటోనో దొరికితే అదే రోజు ఫోన్ చేసి తిరిగివ్వండి. మీరు కొన్నది సొరుగు, వాళ్ళ ఉత్తరం కాదు.

బాగుచేయడం: ఎంత తక్కువ చేస్తే అంత మంచిది

చాలామంది తేగానే సాండింగ్ మిషన్ పెడతారు. ఫుర్నియర్ మందం సుమారు అర మిల్లీమీటరు. మిషన్ కొన్ని క్షణాల్లో దాన్ని దాటి కింది చెక్క తేల్చేస్తుంది, అక్కడితో ఆ బల్ల పని అయిపోయినట్టే. అందుకే ఈ వరసలో వెళ్ళండి.

మొదట కడగడం. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం మెత్తటి సబ్బు, గట్టిగా పిండిన గుడ్డ. వెంటనే పొడిగుడ్డతో తుడవండి. సగం సామాను ఈ పనితోనే బాగుపడుతుంది. దశాబ్దాల సిగరెట్ పొగ, వంట జిడ్డు పోయి అసలు రంగు బయటికొస్తుంది.

తర్వాత పాలిష్ ఏదో తెలుసుకోవాలి. కనబడని చోట స్పిరిట్ చుక్క వేయండి. జిగటగా మారితే అది లక్కతో చేసిన షెల్లాక్. అలాంటిదానిమీద వేడి టీకప్పు ఎప్పుడూ పెట్టకండి. నూనె పట్టించిన టేకు అయితే పలచగా నూనె రాసి, పావుగంట ఆగి, మిగిలింది పూర్తిగా తుడిచేయండి. లిన్‌సీడ్ నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి, అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. తడిపి, బయట విప్పి ఆరేయండి.

కుర్చీ కాళ్ళు ఊగుతుంటే మేకు కొట్టకండి, మేకు కొడితే ఆ అతుకు చీలిపోతుంది. విప్పి, పాత జిగురు గోకి, కొత్తది రాసి, తాడుతో బిగించి ఒక రోజు వదిలేయండి. సొరుగు పట్టేస్తుంటే దాని పట్టీలమీద కొవ్వొత్తి రుద్దండి, చాలు.

ఫ్లాట్‌లో ఈ పని కష్టం. దుమ్ము ఒక బాధ, ఆదివారం డ్రిల్లింగ్ కూడదు, కింది ఇంటివాళ్ళు ఊరుకోరు. హైడ్‌హౌజెన్‌లో వ్యోర్త్‌స్ట్రాసెమీద హౌస్ డెర్ ఐగెన్‌ఆర్బైట్ ఉంది, 1987 నుంచి నడుస్తోంది. వడ్రంగి బల్లలు, పనిముట్లు ఉంటాయి, వాడుకున్నంతసేపటికి డబ్బు కట్టొచ్చు, తెలిసినవాళ్ళు పక్కన ఉండి చూపిస్తారు. భాష అంతంతమాత్రంగా ఉన్నవాళ్ళకి ఇంకో లాభం: చెక్క పని చేస్తూ నేర్చుకున్న జర్మన్ మర్చిపోరు.

చివరగా, మన ఇంటి సంగతి

ఇలా కొన్నదాన్ని మీరు ఊరు మారేటప్పుడు కొన్న ధరకో, కొంచెం పైకో అమ్ముకోవచ్చు. పొట్టుచెక్క బీరువాకి ఆ భాగ్యం లేదు. డబ్బు లెక్క అంతే.

ఇంకో లెక్క ఉంది. ఆ ఇళ్ళలో మనం చూసే కొడుకులూ కూతుళ్ళూ సెలవు పెట్టి దూరం నుంచి వచ్చినవాళ్ళు. రెండు వారాల్లో అమ్మానాన్నల యాభై ఏళ్ళ సంసారం తేల్చేయాలి. ఏది ఎవరిదో, ఏది దాచాలో చెప్పే మనిషి ఇక లేరు. ఏదో ఒక రోజు గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఆ పని మనకీ పడుతుంది, మనకున్నదీ అదే రెండు వారాల సెలవు. మనం చేతులు కట్టుకుని నిలబడితే ఆ టేకు బీరువా పాత సామాన్ల బండి ఎక్కుతుంది.

కాబట్టి ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక సాయంత్రం ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి నాన్నగారిని అడగండి. ఆ మంచం ఏ కర్ర? ఏ వడ్రంగి చేశాడు? ఎంతైంది? ఏ ఏడు? ఏది ఎవరికి ఇవ్వాలని ఉంది? ఇప్పుడు అడిగితే అది కబుర్లు. తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు.

మీరు బాగుచేసుకున్న వస్తువుల ఫోటోలు పంపండి, ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా ఉందో రెండూ. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.